సూర (ట్యూనా చేప) గుంపు కనిపిస్తోంది, దగ్గరకెళ్తే మునిగిపోతోంది. ఏం చెయ్యాలి?

గార కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది గార మండలం, ఉద్యోగం శ్రీకాకుళంలో. మా మేనత్త కొడుక్కి కళింగపట్నంలో ఫైబర్ బోటు ఉంది, 9.9 హార్స్‌పవర్ ఇంజిన్. వలకి వెళ్ళని ఆదివారాల్లో నన్నూ నా రాడ్‌నూ ఎక్కించుకుంటున్నాడు. ఇంజిన్‌లో పోసేదాని ఖర్చు నాది, చేప పడితే సగం సగం అని ఒప్పందం. పంచుకోవడానికి ఇప్పటిదాకా పెద్దగా ఏమీ పడలేదు.

సంగతి ఇదీ. వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక, పొద్దున్న ఆరున్నరకీ ఎనిమిదికీ మధ్య సూర గుంపులు పైకి వస్తున్నాయి. నీళ్ళు తెల్లగా చిమ్ముతుంటాయి, పైన పిట్టల గోల. అది కనబడగానే మా బావ ఇంజిన్ పూర్తిగా తిప్పి అటు ఉరికిస్తాడు. యాభై మీటర్ల దూరంలోకి వచ్చేసరికి ఒక్కటీ ఉండదు. నేను రాడ్ పట్టుకుని వెర్రిముఖం వేసుకుని నిలబడేలోపు ఎక్కడో మూడు వందల మీటర్ల అవతల మళ్ళీ తేలతాయి. అటు పరుగు. అక్కడా అంతే. రెండు గంటలు ఇలా తిరిగాక బావకి విసుగొస్తుంది, నాకు టెన్షన్ వస్తుంది.

నా సామాను: 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 5000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం. లూర్లు (ఉత్తుత్తి ఎరలు) 60 గ్రాముల మెటల్ జిగ్‌లు (నీట మునిగే లోహపువి), ఒక జానెడు పాపర్ (నీటి మీద తేలేది). వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కసారి మాత్రం రెండున్నర కిలోల సూర పడింది, అదీ పైన గుంపు ఏమీ లేనప్పుడు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చి పులుసు పెడితే మాంసం నల్లగా, పిండిపిండిగా ఉంది. పైగా మా పెద్దమ్మకి తిన్న అరగంటకే ముఖం ఎర్రబడి, నాలుక దురద, తలనొప్పి. సాయంత్రానికి తగ్గింది గానీ అప్పట్నుంచి ఇంట్లో సూర మాట ఎత్తనివ్వడం లేదు.

గుంపు మునగకుండా దగ్గరికి ఎలా వెళ్ళాలి? నా లూర్లు సరైనవేనా? పెద్దమ్మకి అలా ఎందుకయింది? ఇంకోటి, వేట నిషేధం రోజుల్లో వల లేకుండా ఉత్త రాడ్‌తో వెళ్తే పర్వాలేదని ఒకాయన అన్నాడు, నిజమేనా?


వెరావల్ రిటర్న్:

తమ్ముడూ, ముందు మీ బావకి చెప్పు, ఆ ఇంజిన్ చెవి మెలిపెట్టడం ఆపమని.

మాది మీ మండలమే, ఒడ్డు ఊరు. చాలా ఏళ్ళు గుజరాత్‌లో, వెరావల్‌లో గిల్‌నెట్ (వల) బోట్ల మీద పని చేశాను. మన తీరంలో వెరావల్ వెళ్ళినవాడు లేని వీధి వెతకాలి కదా. 2018లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి, 2020 జనవరి దాకా వదల్లేదు. నేను ఆ బోట్లలో లేను. అయినా మా ఇంట్లో ఆడవాళ్ళు ఇంక నన్ను రైలెక్కనివ్వలేదు. ఇప్పుడు మా అన్న కొడుకుతో కలిసి చిన్న ఫైబర్ బోటు నడుపుతున్నాను. వలతో పాటు వాడి రాడ్ కూడా ఎక్కుతుంది. మొదట్లో నవ్వాను, ఇప్పుడు నేనే ఇంకో రాడ్ కొన్నాను.

మీకు దొరుకుతున్నది ఒడ్డు సూర. కిలో నుంచి నాలుగు కిలోల దాకా ఉంటుంది, వీపు మీద వంకర గీతలు, పొట్ట వైపు రెక్క కింద నాలుగైదు నల్ల చుక్కలు. నామాల సూర అయితే గీతలు పొట్ట మీద ఉంటాయి, అది ఇంకా లోపల. ఈ ఒడ్డు సూర నెత్తళ్ళనీ కవ్వల పిల్లల్నీ కింద నుంచి పైకి తోలుతుంది. పైకి తోలితే వాటికి ఇంక పోవడానికి దారి లేదు, అక్కడ తింటుంది. మీ పడవ వాటి నెత్తిమీదకి రాగానే చిన్న చేప చెదిరి కిందకి దూకుతుంది, సూర దాని వెనకాలే. మీ బావ తరుముతున్నది నిజానికి నెత్తళ్ళని.

మూడు వందల మీటర్ల అవతల మళ్ళీ తేలింది అన్నావు. ఏ వైపు తేలిందో రాయలేదు. నాకు కావలసింది అదే. వచ్చే ఆదివారం మొదటి అరగంట రాడ్ ముట్టుకోకు. మొదట ఎక్కడ తేలింది, తర్వాత ఎక్కడ, ఆ తర్వాత ఎక్కడ, ఊరికే చూడు. కళింగపట్నం దీపస్తంభాన్నో, వెనక కొండనో గురుతు పెట్టుకుని చూడు. మూడుసార్లు చూస్తే గీత దొరుకుతుంది. నేను చూసినంతలో గుంపు ఎక్కువసార్లు గాలికి ఎదురు పోతుంది, గాలి లేనినాడు నీటి లాగుడికి ఎదురు పోతుంది. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు ఉత్తరానికి, అంటే బారువ, సోంపేట వైపు లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, భీమిలి వైపు. వల వేసేవాడికి ఇది రోజూ తెలిసేదే. మీ బావకీ తెలుసు. సూర కనబడగానే మర్చిపోతున్నాడు అంతే.

గీత దొరికాక వెనకాల పోవద్దు. పెళ్ళి ఊరేగింపు చూడాలనుకున్నవాడు బాజాల వెనకాల పరిగెత్తడు, పక్క సందులోంచి వెళ్ళి ముందు కూడలిలో నిలబడతాడు. మీరూ అంతే. గుంపుకి కనీసం వంద మీటర్లు ఎడంగా, పక్కనించి చుట్టు తిరిగి, గాలి వచ్చే వైపు దాని ముందుకి చేరండి. దారంతా ఇంజిన్ ఒకే చప్పుడు మీద ఉండాలి. ఉన్నట్టుండి పెంచడం, టక్కున ఆపడం వద్దు. మెల్లగా తగ్గించి న్యూట్రల్‌లో పెట్టండి. గాలే పడవని గుంపు వైపు నెడుతుంది. గాలి నీ వీపు మీద ఉంటుంది కాబట్టి చిన్న లూర్ కూడా దూరం పోతుంది. ఎదురుగాలికి విసిరితే 60 గ్రాములది కూడా పోదు, అందుకే నువ్వు బరువైనవి కొన్నావని నా అనుమానం.

ఈ పనిలో ముప్పావు వంతు ఇంజిన్ దగ్గర కూర్చున్నవాడి చేతిలోనే ఉంది. మీ బావకి సగం వాటా తక్కువే.

గుంపు నడిమధ్యలో విసరకు. అంచున, కొంచెం అవతల పడాలి. నడిమధ్య పడితే మొత్తం చెదురుతుంది, దారం కూడా చేపల వీపుల మీద పడుతుంది. పడ్డాక మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టి దిగనిచ్చి, అప్పుడు చుట్టు. ఎంత వేగంగా అంటే, నీ చెయ్యి నొప్పి పుట్టాలి. నెత్తడు ప్రాణభయంతో ఉరికేటప్పుడు ఆగి ఆగి పోదు. మా వాడు మొదట్లో వీడియోలో చూసినట్టు రాడ్ ఎగరేసి ఎగరేసి ఆడించేవాడు, సూర వెనకాల వచ్చి చూసి తిరిగిపోయేది. చుట్టడం తప్ప ఇంకేం చెయ్యకు అన్నాను, పడింది.

లూర్ సైజు గురించి. 60 గ్రాములది, జానెడు పాపర్ పక్కన పెట్టెయ్. అవి పార చేపకో, పెద్ద కోనాంకో పనికొస్తాయి. సూర తింటున్నది నీ చూపుడు వేలంత చేపని, అప్పుడు దానికి జానెడు వస్తువు కనబడితే ముట్టదు. 20 నుంచి 40 గ్రాముల సన్నటి మెటల్ జిగ్‌లు, వెండి రంగు, ఆరేడు సెంటీమీటర్ల పొడవు. రంగుల గురించి బుర్ర పాడుచేసుకోకు. వచ్చిన మూడు ముళ్ళ గేలం తీసేసి ఒంటి గేలం పెట్టు. చేప జారిపోవడం తగ్గుతుంది, పడవలో ఎగిరెగిరి కొట్టుకున్నప్పుడు మనిషి చేతికి గుచ్చుకోవడమూ తగ్గుతుంది. మొదటి చేప పడ్డాక దాని కడుపు కోసి చూడు. లోపల ఏముంటే, ఎంతుంటే, ఆ రోజుకి నీ లూర్ అంత ఉండాలి. మా నాన్న రాడ్ ముఖం చూడలేదు. లావు నైలాన్ దారానికి గేలం కట్టి, దాని మీద తెల్ల జరీ పోగులు చుట్టి, తెప్ప వెనకాల లాగేవాడు. ఆయనా ముందు చేప కడుపు చూసేవాడు, తర్వాత జరీ పొడవు కత్తిరించేవాడు.

బ్రెయిడ్ చివర నేరుగా లూర్ కట్టావా? రాయలేదు. సూర కళ్ళు మామూలువి కావు. బార, బారన్నర పొడవు ఫ్లోరోకార్బన్ (నీటిలో సరిగా కనబడని దారం) వేసి దానికి కట్టు, 25, 30 పౌండ్లది చాలు. డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు) మరీ బిగించకు, దారం బలంలో నాలుగో వంతు దగ్గర పెట్టు. మొదటి పరుగు అది పరిగెత్తాలి, నువ్వు ఆపకూడదు. చివర్లో పడవ కింద గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు రాడ్ నిలువుగా ఎత్తితే చివర విరుగుతుంది. మీ బావకి ఇంజిన్ కొంచెం ముందుకి కదపమను, చేప పక్కకి వచ్చేస్తుంది.

పిట్టల సంగతి. ఎత్తులో తిరుగుతూ ఉంటే వెతుకుతున్నాయి, అటు పోవద్దు, చూస్తూ ఉండు. కిందకి దిగి, తల వంచి ఒకే చోట రెక్కలాడిస్తుంటే చేప వాటి కిందే ఉంది, ఇంకా పైకి రాలేదు. అదీ మీరు కదలాల్సిన సమయం. నీళ్ళు చిమ్మడం మొదలయ్యాక బయల్దేరితే ఆలస్యమే. నీళ్ళ మీద కూర్చున్నాయంటే తినడం అయిపోయింది, లేదా మళ్ళీ మొదలవుతుంది. అక్కడే పది నిమిషాలు టీ తాగండి. డాల్ఫిన్లు కనబడితే సూర ఉంటుందని కొందరంటారు. మన దగ్గర నాకు ఎప్పుడూ అలా కలిసి రాలేదు.

పిట్టలు లేని రోజు నీటి రంగు చూడు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వంశధార, నాగావళి ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం వస్తుంది. ఎర్రనీరూ నీలపు నీరూ కలిసేచోట గీత, దాని మీద నురగ, చెత్త, గుర్రపుడెక్క. సూర శుభ్రమైన నీటివైపు, గీతని ఆనుకుని తిరుగుతుంది. నువ్వు గుంపు లేనప్పుడు పట్టినది అలాంటి గీత దగ్గరే అయి ఉంటుంది, గుర్తు చేసుకో.


చింతపల్లి రాళ్ళు:

వెరావల్ అన్న చెప్పింది బాగుంది గానీ నేను ఒప్పుకోని ముక్క ఒకటుంది. వెంటపడడం, ముందు నిలబడడం, విసరడం, ఇదంతా ఇద్దరు పూర్తిగా దాని మీదే ఉంటే సరే. మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలం. మేం ఎవరి వెనకాలా పోం. పడవ వెనక లూర్లు కట్టి లాగుడే.

రెండు రాడ్లు, రెండు వైపులా. ఒకటి పడవకి ఇరవై మీటర్ల వెనక, ఇంకోటి ముప్పై ఐదు. చిన్న ఈక లూర్లు గానీ, మూతికి రేకున్న చిన్న చేప బొమ్మ లూర్లు గానీ. వేగం గంటకి 10, 12 కిలోమీటర్లు. తిన్నగా పోకుండా పాము నడకలా వంకర్లు తిరగాలి. తిరిగేటప్పుడు లోపలివైపు లూర్ నెమ్మదించి దిగుతుంది, బయటివైపుది వేగం పెరుగుతుంది. చాలాసార్లు దెబ్బ తిరుగుడులోనే పడుతుంది. గుంపు కనిపించినా దాని మీదుగా పడవ పోనివ్వం. పడవ పక్కనించి పోతుంది, లూర్లు మాత్రం గుంపు ముందు నుంచి దాటేలా దూరం తీసి మలుపు తిప్పుతాం.

మా దగ్గర సముద్రంలో రాళ్ళున్నాయి కాబట్టి ఇంకా సుఖం. ఓడలు వాటి మీద పడకుండానే మా దీపస్తంభం కట్టారు. ఆ రాళ్ళ చుట్టూ చిన్న చేప ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి సూర ఉంటుంది, కోనాం ఉంటుంది, పార ఉంటుంది. సోంపేట వైపువాళ్ళకి బారువ ఎదురుగా మునిగిన పాత ఓడ ఉంది, అదీ అలాంటిదే. గారవాళ్ళకి అడుగంతా ఇసుక, బురద. అందుకే మీకు పిట్టలు కావాలి.

ఒక్క జాగ్రత్త. వలల మీద జెండాలు, థర్మోకోల్ ముక్కలు చూసుకోవాలి. ఎవరి వలలోనైనా మన గేలం చిక్కుకుందంటే ఆ గొడవ ఒడ్డుకి వచ్చాక పెద్దల దగ్గర తేలుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్ళు కూడా పైకి తేలుతూ ఉంటాయి. అవి కనిపిస్తే లూర్లు చుట్టేసుకుని దాటి వెళ్ళండి.


వెరావల్ రిటర్న్:

చింతపల్లి తమ్ముడూ, రాళ్ళున్నవాడికి లాగుడు సరిపోతుంది, కాదనను. కానీ రెండు గంటలు లాగితే ఎంత ఆయిల్ కాలుతుందో అదీ రాయి. ఇంజిన్ ఆపుకుని పిట్టల్ని చూస్తూ కూర్చున్నవాడికి ఆ ఖర్చు లేదు. గార కుర్రాడు ఖర్చు తనది అన్నాడు మరి.

గుంపు లేనంతసేపూ లాగండి, గుంపు కనబడితే చుట్టేసి విసరండి. మేం చేసేది అదే.


ఐసు పెట్టె:

పెద్దమ్మగారి విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను ఫిషరీస్ చదివాను, చేపల నాణ్యత చూసే ఉద్యోగం. మా అమ్మ బుడగట్లపాలెం నుంచి చేపల తట్ట మోసుకెళ్ళి అమ్మి నన్ను చదివించింది. అందుకని రెండు రకాల జ్ఞానమూ ఉంది, అమ్మదే ఎక్కువ.

తమ్ముడూ, అది చేప ఒంటికి పడకపోవడం కాదు. మీ పెద్దమ్మ రేపు వేరే సూర తింటే ఏమీ కాకపోవచ్చు. సూర, కానాగంత, కవ్వల వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక ఎండలో, వేడిలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. మనకి దద్దుర్లు లేచినప్పుడు ఒంట్లో తయారయ్యేది కూడా హిస్టమినే, అందుకే అచ్చం అలర్జీలా కనిపిస్తుంది. ముఖం ఎర్రబడడం, నాలుక చురచుర, తలనొప్పి, ఒక్కోసారి వాంతి, విరేచనాలు. తిన్న కొన్ని నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లో మొదలై చాలామందికి ఆ రోజే తగ్గిపోతుంది. ఊపిరి అందకపోయినా, గుండె దడ ఎక్కువైనా మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ముఖ్యమైన సంగతి, ఒకసారి తయారైన హిస్టమిన్ ఉడికించినా పోదు. పులుసులో ఎంత చింతపండు పోసినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పోదు. పైగా చేప వాసన బాగానే ఉండొచ్చు. తయారు కాకుండా చూసుకోవడం ఒక్కటే దారి, అది పడవలోనే జరగాలి.

సూర మిగతా చేపల్లాంటిది కాదు. దాని ఒంట్లో నెత్తురు గొట్టాల అల్లిక వల్ల కండల వేడి బయటికి పోకుండా లోపలే ఉంటుంది, నీటికంటే ఒళ్ళు వేడిగా ఉంటుంది. గేలానికి పడి పదిహేను నిమిషాలు పెనుగులాడాక ఇంకా వేడి. దాన్ని పడవలో గోనెపట్టా మీద పడేసి మధ్యాహ్నం దాకా తిరిగితే మాంసం లోపల్నుంచి ఉడికినంత పని అవుతుంది. మీకు నల్లగా, పిండిపిండిగా వచ్చింది అందుకే.

చేప పైకి రాగానే తల మీద గట్టిగా ఒక దెబ్బ, కొట్టుకోకుండా ఆగిపోవాలి. వెంటనే మొప్పలు కోసి, పక్క రెక్క వెనక రెండు వేళ్ళ వెడల్పు వదిలి రెండు వైపులా అంగుళం లోతు గాటు పెట్టి, తల కిందకి ఉండేలా బకెట్ సముద్రపు నీళ్ళలో ఉంచండి. అయిదారు నిమిషాల్లో నెత్తురు పోతుంది. తర్వాత పేగులు, మొప్పలు తీసేసి ఐసులోకి. ఉత్త ఐసు ముక్కల మీద పెట్టకండి. ఐసులో కాస్త సముద్రపు నీళ్ళు పోసి జావలా చేసి అందులో ముంచండి. ముక్కల మధ్య గాలి ఉంటుంది, నీరైతే చేపని అన్ని వైపులా అంటుకుని తొందరగా చల్లార్చుతుంది. ఇంటికి చేరేదాకా 4 డిగ్రీలకి దగ్గరగా ఉంటే పెద్దమ్మ నిశ్చింతగా తినొచ్చు.

వండే ముందు వెన్నుముక పక్కన ముదురు ఎరుపు మాంసం గీతలా ఉంటుంది, నచ్చనివాళ్ళు అది తీసేయొచ్చు. మా అమ్మ తియ్యదు. అది మిరియాలు, వెల్లుల్లి వేసి విడిగా వేపుతుంది, అన్నం ముందు మా నాన్నకి మాత్రమే పెడుతుంది.


గార కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మేం ఐసే తీసుకెళ్ళడం లేదు. వల వేటకి పొద్దున్నే వెళ్ళి తొమ్మిదికల్లా వచ్చేస్తారు కాబట్టి బావకి ఆ అలవాటు లేదు. ఈసారి పెట్టె తీసుకెళ్తాం.

వెరావల్ అన్నయ్యా, బ్రెయిడ్‌కి నేరుగానే కట్టాను. గుంపు తేలే వైపు బావని అడిగాను. కొంచెం సేపు ఆలోచించి “నైరుతికే పోతున్నాయిరా” అన్నాడు. ఈ వారమంతా గాలి అటునించే ఉంది.

నిషేధం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో ఆశ కూడా ఉంది. విశాఖ హార్బర్‌లో ముప్పై నలభై కిలోల రెక్క సూరలు (ఎల్లోఫిన్ ట్యూనా) దించుతున్నారు కదా. మా బోటులో ఇంకా లోపలికి పోతే మాకూ దొరుకుతాయా? బావ సై అంటున్నాడు.


వెరావల్ రిటర్న్:

బావ సై అంటాడు, ఇంజిన్ సై అనాలిగా.

రెక్క సూర మన ఒడ్డున తిరగదు. సముద్రపు అడుగు మెట్టులా కిందకి దిగిపోయే చోట, నూరు బారల లోతు దాటాక దాని ఇల్లు. విశాఖ వాళ్ళు వెళ్ళేది దానికి తగ్గ బోట్లతో. ఐసు గది ఉంటుంది, వైర్‌లెస్ ఉంటుంది, రాత్రుళ్ళు అక్కడే ఉండి వస్తారు. ఒక్క 9.9 ఇంజిన్ మీద, పైకప్పు లేని ఫైబర్ బోటులో ఇద్దరు వెళ్ళే చోటు కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక వెనక్కి రావడం ఒక ఎత్తు, ఒడ్డు దగ్గర అలలు దాటడం ఇంకో ఎత్తు. కళింగపట్నంలో జెట్టీ లేదు, అలల మీదుగానే ఒడ్డెక్కాలి. వెలుతురు ఉండగా, గాలి లేవకముందే అది అయిపోవాలి. మేం పదిగంటలకల్లా ఇసుక మీద ఉంటాం.

వెళ్ళేముందు రోజు సాయంత్రం ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ హెచ్చరిక చూసుకో. హైదరాబాద్‌లో కూర్చుని మన సముద్రంలో అల ఎంత ఎత్తు లేస్తుందో చెబుతారు, తెలుగులోనే వస్తుంది. చేప దొరికే చోట్లు కూడా ఇస్తారు, ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎంత లోతు అని. ఉపగ్రహం నుంచి నీటి వేడి, నీటి రంగు చూసి లెక్క కడతారు. నేను పైన చెప్పిన రంగు గీతే, వాళ్ళకి పై నుంచి కనబడుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో రాదు. లైఫ్ జాకెట్ వేసుకో, పీట కింద పెట్టుకోవడం కాదు. ఫోన్‌లో 1554 రాసి పెట్టుకో, అది కోస్ట్‌గార్డ్. 1093 మెరైన్ పోలీసు. అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం బాగుంది కదా అని బయల్దేరకు. తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబరు 11న, మన వజ్రపుకొత్తూరు మీదకే.

నిషేధం గురించి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మోటారు ఉన్న ఏ బోటూ వేటకి పోకూడదు. వల ఉందా రాడ్ ఉందా అని ఎవరూ అడగరు, ఇంజిన్ ఉందా అనే అడుగుతారు. పట్టుబడితే నీకు ఏమీ కాదు, బోటు మీ బావది. 2025లో మన బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టి ఇంటికి 20,000 ఇస్తున్నారు ఆ రెండు నెలలకి. నీ ఒక్క ఆదివారం సరదా కోసం ఆయన ఆ డబ్బు, బోటు కాగితాలు పణంగా పెట్టాలా? నీకు చెయ్యి అంతగా దురద పెడితే మొగ దగ్గర ఒడ్డు మీద నిలబడి విసురు. ఆ జానెడు పాపర్ అక్కడ పనికొస్తుంది, పార చేప వస్తుంది.

గాలి నైరుతి, గుంపు నైరుతికి. చూశావా, మీ బావకి అన్నీ తెలుసు. ఆదివారం కూడా అదే గాలి ఉంటే, గుంపు కనబడగానే దానికి నైరుతిగా చేరేలా పెద్ద చుట్టు తిరగమను.


చింతపల్లి రాళ్ళు:

అన్నా, ఆ 20, 30 గ్రాముల సన్న జిగ్‌లు ఎక్కడ కొంటున్నారు? ఆన్‌లైన్‌లో వచ్చినవాటికి గేలం కట్టే రింగ్ రెండో చేపకే తెరుచుకుపోతోంది.


వెరావల్ రిటర్న్:

జిగ్ ఏదైనా పర్వాలేదు, దానితో వచ్చిన రింగ్, గేలం రెండూ తీసి పారెయ్. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర గేలాలు, దారాలు అమ్మే దుకాణాల్లో గట్టి స్టీలు రింగులు విడిగా దొరుకుతాయి. మార్చడానికి ముక్కు వంగిన చిన్న పట్టకారు ఉండాలి, పళ్ళతో తెరవకు. మా వాడి ముందు పన్ను అలాగే విరిగింది.